మిద్దెకు పిట్టగోడ, తలకు హెల్మెట్



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. మనం చదువుతూ చదువుతూ దాటిపోయే వచనాలలో అది ఒకటి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి, కట్టించకపోతే, పైనుంచి ఎవరైనా పడినప్పుడు ఆ ఇంటి మీదికి హత్యదోషము వస్తుంది అని దాని భావము. ఎర్ర సముద్రాన్ని పాయలు చేసిన దేవుడు పిట్టగోడ సంగతి కూడా మాట్లాడాలా అని మనకు అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో మిద్దె అంటే రోజూ మనుషులు మసలే చోటు. రాహాబు జనుపకట్టె రాశివేసింది మిద్దె మీదే. పేతురు ప్రార్థన చేయడానికి ఎక్కినది మిద్దె మీదికే. ఇంటివారు రోజూ మసలే చోట ప్రమాదం ఉన్నదని తెలిస్తే, దానికి ముందుగానే అడ్డు కట్టడం ఇంటి యజమాని బాధ్యత. దేవుడు దానిని భక్తికి వేరైన విషయంగా చూడలేదు.

ఈనాడు మన పల్లె కుటుంబాలు రోజూ ఎక్కి దిగే మిద్దె మోటారు సైకిలు. పాలకేంద్రానికి, ఎరువుల కొట్టుకు, ఆసుపత్రికి, ఆదివారం ఆరాధనకు దాని మీదే వెళ్తున్నాము. దానికి పిట్టగోడ హెల్మెట్. ఆ హెల్మెట్ ఎలా ఎంచుకోవాలి, తక్కువ ఖర్చులో తలకు సుఖంగా ఉండేది ఎలా కొనుక్కోవాలి అనేది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. వాక్యము చెప్పవలసిన పాస్టరుకు హెల్మెట్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. దానికి జవాబుగా ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను ఇచ్చిన కానుక

కొన్నేళ్ళ క్రితం మా సంఘములో ఒక యువకునికి వివాహము జరిపించాను. సండేస్కూలులో నా దగ్గర పెరిగిన బిడ్డ. అత్తవారు బండి కొనిపెట్టారు. పట్నం నుంచి వస్తూ రహదారి పక్కన చెట్టుకింద అమ్ముతున్న హెల్మెట్లలో ఒకటి బేరమాడి 250 రూపాయలకు కొని, పెళ్ళి కానుకగా అతనికి ఇచ్చాను. దాని మీద ఐ.ఎస్.ఐ. స్టిక్కరు కూడా ఉంది. మంచి కానుక ఇచ్చానని లోలోపల సంతోషపడ్డాను కూడా.

కోతల కాలంలో ఒక సాయంత్రం అతడు సంతనుంచి తిరిగి వస్తున్నాడు. మన ఊళ్ళలో రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం మీకు తెలిసినదే. మసక చీకటిలో ఆ ధాన్యం మీద బండి జారింది. అక్కడికి ఇల్లు కిలోమీటరు కూడా లేదు. బండి వేగంగా కూడా పోవడం లేదు. ఒంటి మీద గీరుకుపోయిన గాయాలే గాని వేరే పెద్ద దెబ్బ లేదు. దెబ్బంతా తలకే తగిలింది. హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. అది ఊడి పొలంలోకి దొర్లింది. దానికి ఒక్క గీత కూడా పడలేదు.

భూస్థాపన అయిన మూడవ నాడు నేను ఆదరించడానికి వెళ్ళినప్పుడు అతని భార్య ఒక మాట చెప్పింది. “అయ్యగారూ, అది పెట్టుకుంటే నుదురు నొక్కుకుపోయి తలనొప్పి వచ్చేదండీ. మీకు చెబితే నొచ్చుకుంటారని చెప్పలేదు. పోలీసులు ఉండే చోట మాత్రం పెట్టుకునేవారు.”

ఆ మాట నేటికీ నా చెవిలో ఉంది. నేను అతనికి హెల్మెట్ ఇచ్చాను గాని అతని తలకు సరిపోయే హెల్మెట్ ఇవ్వలేదు. అతని తల కొలవకుండా, నా జేబు మాత్రమే చూసుకొని కొన్నాను. ఆనాటి నుండి నేను నేర్చుకున్న సంగతి ఒక్కటే. తలను కాపాడేది అద్దానికి తగిలించిన హెల్మెట్ కాదు, తల మీద ఉండి, పట్టీ బిగించిన హెల్మెట్. నొప్పి పుట్టించే హెల్మెట్ ఎంతటి ఆజ్ఞాపాలకుని తల మీదైనా ఎక్కువ రోజులు నిలవదు. కాబట్టి సుఖంగా ఉండేది చూడటం సుకుమారం కాదు. అది ప్రాణానికి సంబంధించిన విషయం.

లెక్కలు ఏమి చెబుతున్నాయి

మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవారు 50,029 మంది. ఇందులో బండి నడిపినవారు 35,692 మంది, వెనుక కూర్చున్నవారు 14,337 మంది. వెనుక కూర్చునేది మన ఇళ్ళలో ఎక్కువగా ఎవరో వేరుగా చెప్పనక్కర లేదు. తల్లులు, భార్యలు, పిల్లలు.

హెల్మెట్ వలన ప్రయోజనం ఎంత అన్నది కూడా పలు దేశాలలో పరిశీలించారు. ఆ పరిశోధనలన్నిటినీ కలిపి 2008లో ప్రచురించిన సమీక్షలో, హెల్మెట్ పెట్టుకున్నవారికి చనిపోయే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతుందని తేలింది. హెల్మెట్ పెట్టుకుంటే మరణమే రాదని దీని అర్థం కాదు. పిట్టగోడ ఉన్న మిద్దె మీదనుంచి కూడా దూకేవాడు దూకగలడు. కానీ పొరపాటున కాలుజారినవాడు బ్రతుకుతాడు.

“ప్రభువు కాపాడతాడు, హెల్మెట్ ఎందుకు?” అని కొందరు విశ్వాసులు అంటారు. ఆ మాట భక్తిగా వినిపిస్తుంది. అయితే మత్తయి 4వ అధ్యాయములో సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరము మీద నిలువబెట్టి, క్రిందికి దుముకు, దూతలు పట్టుకుంటారు అని వాగ్దానవచనమే చూపించాడు. ప్రభువు దుమకలేదు. దేవుని శోధింపకూడదని వాక్యముతోనే జవాబిచ్చాడు. ప్రార్థన చేసి బండి ఎక్కండి, తప్పక చేయండి. ప్రార్థన చేసిన తలకే హెల్మెట్ కూడా పెట్టండి.

హెల్మెట్ లోపల ఏముంది?

1935 మే నెలలో ఇంగ్లాండులో, అరేబియా లారెన్స్ అని పేరుపొందిన టి.ఇ. లారెన్స్ సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి మోటారు సైకిలు మీదనుంచి పడ్డాడు. తలకు తగిలిన దెబ్బతో ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ మరణము ఆయన మనసులో నిలిచిపోయింది. సైన్యంలో మోటారు సైకిళ్ళ మీద వార్తలు మోసే సిపాయిలు ఎందరు తల పగిలి చనిపోతున్నారో పరిశీలించి 1941లో ఒక వైద్య పత్రికలో రాశాడు. ఆ సంవత్సరమే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒక మరణాన్ని చూసి ఊరకుండలేకపోయిన వైద్యుని శ్రమ వలన ఎందరో బ్రతికారు.

హెల్మెట్‌లో ముఖ్యమైన భాగాలు నాలుగు. పైన గట్టి చిప్ప. దాని లోపల గట్టి థర్మోకోల్ పొర. ఆ లోపల బట్ట చుట్టిన మెత్త. చివరిది గడ్డం కింద పట్టీ. చాలామంది చిప్పే తలను కాపాడుతుందని అనుకుంటారు. చిప్ప దెబ్బను ఒకచోట గుచ్చుకోకుండా పరుస్తుంది. అసలు దెబ్బను మింగేది మాత్రం థర్మోకోల్. బండ మీద పడిన కుండ పగులుతుంది. అదే కుండ గడ్డి మోపు మీద పడితే, గడ్డి అణగిపోయి కుండ నిలుస్తుంది. థర్మోకోల్ చేసే పని ఆ గడ్డి చేసే పనే. అది తాను నలిగిపోయి మెదడును నలగనివ్వదు.

రోడ్డు పక్కన 200, 300 రూపాయలకు దొరికే వాటిలో చాలా వాటికి ఈ పొర ఉండదు, ఉన్నా పలుచగా ఉంటుంది. స్పాంజి అంటించి బట్ట కప్పుతారు. స్పాంజిని వేలితో నొక్కితే చిప్ప తగులుతుంది. అంత తేలికగా అణిగేది దెబ్బను ఆపలేదు. కొనేముందు లోపలి బట్టను కొంచెం పక్కకు తీసి గట్టి థర్మోకోల్ ఉన్నదో లేదో కంటితో చూడండి. తల పైభాగాన్ని మాత్రం కప్పే సగం టోపీలను, ఇళ్ళు కట్టే కూలీలు పెట్టుకునే టోపీలను హెల్మెట్ అనుకోవద్దు.

సౌలు శిరస్త్రాణము దావీదుకు సరిపోలేదు

1 సమూయేలు 17వ అధ్యాయములో సౌలు రాజు తన యుద్ధవస్త్రములను దావీదుకు తొడిగించి, రాగి శిరస్త్రాణము తల మీద పెట్టించాడు. అది రాజుగారిది. బహుశా ఆ దేశంలో అంతకంటె ఖరీదైనది లేదు. అయినా దావీదు రెండడుగులు వేసి చూసి, వీటితో నాకు అలవాటు లేదు, వెళ్ళలేనని తీసివేశాడు. ఖరీదైనదైనా, గొప్పవారు ఇచ్చినదైనా, తనకు కుదరనిది తనకు పనికిరాదని ఆ కుర్రవాడు రాజు ముందే చెప్పగలిగాడు. నా సంఘములోని బిడ్డ నాకు ఆ మాట చెప్పలేకపోయాడు.

కాబట్టి మొదటి సూత్రం ఇది. ఎవరి హెల్మెట్ వారే, వారి తల మీద పెట్టి చూసుకొని కొనాలి.

తల కొలత తీయడం ఇంట్లోనే చేయవచ్చు. బట్టలు కుట్టే టేపు తీసుకొని, కనుబొమ్మలకు ఒక అంగుళం పైగా, చెవుల మీదుగా, వెనుక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టూ తిప్పండి. టేపు లేకపోతే నూలుదారం చుట్టి, దానిని స్కేలు మీద కొలవండి. రెండు మూడు సార్లు కొలిచి పెద్ద కొలత రాసుకోండి. 58 సెంటీమీటర్లు వస్తే 580 సైజు, 60 వస్తే 600 సైజు. హెల్మెట్ లోపల ఆ అంకె రాసి ఉంటుంది. ఎండకు తల మీద పల్చని నూలు గుడ్డ కట్టుకొని దాని మీద హెల్మెట్ పెట్టుకునే అలవాటు ఉంటే, ఆ గుడ్డతోనే కొలవండి.

అయితే కొలత దారి చూపిస్తుంది గాని తీర్పు చెప్పదు. కొందరి తల గుండ్రంగా, కొందరి తల ముందుకూ వెనక్కూ పొడవుగా ఉంటుంది. ఒకే సైజు రెండు కంపెనీలలో రెండు రకాలుగా కూర్చుంటుంది. అందుకే కొట్లో ఈ పరీక్షలు చేయండి.

ఒకటి, రెండు పట్టీలనూ రెండు చేతులతో పక్కలకు లాగి పట్టుకొని హెల్మెట్ తల మీదికి దించండి. కొత్తది కొంచెం బిగువుగానే ఎక్కుతుంది. తేలికగా జారి దిగితే అది పెద్దది.

రెండు, బుగ్గల మెత్తలు బుగ్గలను తాకి ఒత్తాలి. అది మంచిదే, కొన్ని వారాలు వాడేసరికి సర్దుకుంటుంది. కానీ నుదుటి మీద, కణతల మీద ఒకేచోట నొక్కుకుంటే అది మీ తలకు కుదిరినది కాదు. ఆ నొప్పి వాడకంతో పోతుందని అమ్మేవాడు చెప్పినా నమ్మవద్దు.

మూడు, హెల్మెట్‌ను చేతితో పట్టుకొని కుడికీ ఎడమకూ తిప్పండి. దానితోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. తల కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులన్నమాట.

నాలుగు, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీకీ గడ్డానికీ మధ్య ఒకటి రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. ఇప్పుడు వెనుకవైపు మెడ దగ్గర అంచు పట్టుకొని పైకి, ముందుకు లాగమని పక్కవారితో చెప్పండి. ఊడి వస్తే దానిని కొనకండి. పడినప్పుడు కూడా అలాగే ఊడుతుంది.

ఐదు, ఇది చాలా ముఖ్యం. పది పదిహేను నిమిషాలు దానిని తల మీదే ఉంచుకోండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తీసిన తరువాత అద్దంలో చూసుకోండి. నుదుటి మీద ఒకచోట ఎర్రగా మచ్చ పడి ఉంటే ఇంకొకటి అడగండి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే ముందు చిన్నది పెట్టి చూడండి. మెత్తలు కాలం గడిచేకొద్దీ వదులవుతాయి.

నిజమైన గుర్తు ఏది?

మన దేశంలో మోటారు సైకిలు హెల్మెట్లకు ప్రమాణం ఐ.ఎస్. 4151. 2021 జూన్ 1 నుండి ఈ ప్రమాణానికి సరిపడి, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్లనే తయారుచేయాలి, అమ్మాలి అని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు అమలులో ఉంది. అయినా దొంగ స్టిక్కర్లు ఆగలేదు. నేను మోసపోయినదీ అటువంటి దానితోనే. 2025లో కూడా గుర్తు ఉన్న హెల్మెట్లనే కొనమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రజలకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

అసలు గుర్తులో మూడు సంగతులు ఉంటాయి. మధ్యలో ఐ.ఎస్.ఐ. ముద్ర. దాని పైన ఐ.ఎస్. 4151 అనే అంకె. దాని కింద సి.ఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు. పైన అంకె గాని, కింద నంబరు గాని లేకపోతే అనుమానించండి. నంబరు ఉన్నా అక్కడితో ఆగవద్దు. భారతీయ ప్రమాణాల సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఆ లైసెన్సు నంబరు అందులో వేస్తే తయారీదారు పేరు, లైసెన్సు చెల్లుబాటులో ఉన్నదో లేదో కనిపిస్తుంది. మీకు చేతకాకపోతే కళాశాలలో చదివే మీ అబ్బాయినో అమ్మాయినో కొట్టుకు తీసుకువెళ్ళండి. ఆ పేరు, హెల్మెట్ మీద ఉన్న పేరు ఒకటే కావాలి. రసీదు అడిగి తీసుకోండి. లోపల తయారైన నెల, సంవత్సరము చూసుకోండి.

ఇంకొక సంగతి. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్‌ను దానితో కూడా ఇవ్వాలని మోటారు వాహన నిబంధనలలోనే ఉంది. అడగండి. అయితే వారు ఇచ్చేది మీ తలకు సరిపోతుందో లేదో పై పరీక్షలు చేసే తీసుకోండి.

ఎంత ఖర్చు పెట్టాలి?

ముఖం తెరిచి ఉండే ఐ.ఎస్.ఐ. హెల్మెట్ సుమారు వెయ్యి రూపాయలకు, కొన్నిచోట్ల అంతకంటె తక్కువకు కూడా దొరుకుతుంది. ముఖమంతా కప్పేది వెయ్యి నుండి రెండు వేల లోపు మంచిదే వస్తుంది. ఆ పైన పెట్టే డబ్బు చాలావరకు రంగులకు, బొమ్మలకు, రెండవ అద్దానికి, కొంత తేలికదనానికి పోతుంది. రైతు కుటుంబం ఆ పైకి వెళ్ళనక్కర లేదు. ఖరీదు తక్కువదైనా, ఎక్కువదైనా ఆ ఒక్క ప్రమాణ పరీక్షలోనే నెగ్గాలి.

1,200 రూపాయల హెల్మెట్ ఐదేళ్ళు వాడితే నెలకు 20 రూపాయలు పడుతుంది. టీ కొట్లో రెండు టీల ఖరీదు. కేంద్ర చట్టం ప్రకారం హెల్మెట్ లేకుండా ఒక్కసారి పట్టుబడితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. అయినా జరిమానా భయంతో కొన్న హెల్మెట్ పోలీసులున్న చోటే తల మీద ఉంటుంది. ఇంటివారి మీద ప్రేమతో కొన్నది పొలంగట్టు దారిలో కూడా తల మీద ఉంటుంది.

డబ్బు పరిమితంగా ఉంటే ఈ వరుసలో ఖర్చు పెట్టండి. ముందు నిజమైన ఐ.ఎస్.ఐ. గుర్తు. తరువాత తలకు సరిగా కుదరడం. ఆ తరువాత ఉతకడానికి ఊడివచ్చే లోపలి మెత్త. ఆపైన గాలి వచ్చే రంధ్రాలు. రంగు, అందము చివర.

ఎండ, చెమట, జుట్టు, కళ్ళద్దాలు

ముఖమంతా కప్పే హెల్మెట్ దవడకూ పళ్ళకూ కూడా కాపుదల. వీలైతే అదే మంచిది. కానీ మన మే నెల ఎండలో అది ఊపిరాడనివ్వడం లేదని తీసి అద్దానికి తగిలించేవారైతే, మీకు నా సలహా ఇది. ముఖం తెరిచి ఉండే ఐ.ఎస్.ఐ. హెల్మెట్ కొని, ప్రతిసారీ పట్టీ బిగించి పెట్టుకోండి. తగిలించిన నిండు హెల్మెట్ కంటె తలమీది తెరిచిన హెల్మెట్ మేలు. లేత రంగుది ఎండకు కొంత తక్కువ వేడెక్కుతుంది. లోపల పల్చని నూలు గుడ్డ చెమట పీల్చుకుంటుంది, మెత్త త్వరగా పాడుకాదు. లావు తువ్వాలు మాత్రం చుట్టవద్దు. హెల్మెట్ సరిగా కూర్చోదు.

బరువు కూడా చేత్తో పట్టి చూడండి. దూరం తిరిగేవారికి బరువు ఎక్కువైతే మెడ లాగుతుంది. కళ్ళద్దాలు పెట్టుకునేవారు కొట్లో వాటితోనే పెట్టి చూడాలి. కాడలు కణతల దగ్గర నొక్కుకోకూడదు. ముందుండే అద్దం తెల్లనిదే కొనండి. నల్లటి అద్దంతో రాత్రి ప్రార్థన కూటము ముగించుకొని వచ్చేటప్పుడు, వెనుక దీపం లేని ట్రాక్టరు కనబడదు. గీతలు పడిన అద్దం కూడా ఎదుటి దీపాల వెలుగులో కళ్ళు బైర్లు కమ్మిస్తుంది. అద్దం ఒక్కటే మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. కొప్పు తల వెనుక పైకి ముడిస్తే హెల్మెట్ కూర్చోదు. మెడ మీదికి జారేలా జడ గాని, కింద వదులు ముడి గాని వేసుకొని, అలాగే కొట్లో పెట్టి చూసుకోండి. ఇంటాయన పాత హెల్మెట్ మీకు పనికిరాదు. మీ తల వేరు, ఆయన తల వేరు.

వెనుక కూర్చున్నవారు, చిన్నవారు

2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనుక కూర్చున్నవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. 2022 ఫిబ్రవరిలో వచ్చి ఏడాది తరువాత అమలైన నిబంధనల ప్రకారం, తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ లోపు పిల్లలకు కూడా వారి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. పిల్లవానిని పెద్దవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. పెద్దవారి హెల్మెట్ పిల్లల తల మీద పెడితే అది బుట్ట బోర్లించినట్లే. కొన్ని కొట్లలో పిల్లల సైజులు వేరుగా దొరుకుతాయి.

ఆదివారం ఉదయం మన గుడి ముందు దిగే బండ్లను చూస్తుంటాను. నాన్న, ముందు ట్యాంకు మీద చిన్నవాడు, మధ్యలో అమ్మాయి, వెనుక చంటిబిడ్డతో అమ్మ. ఆరాధనకు వస్తున్నందుకు సంతోషం, అలా వస్తున్నందుకు గుండెదడ. నడిపేవాని వెనుక ఒక్కరే కూర్చోవాలని చట్టం. రెండుసార్లు తిప్పి తీసుకురండి, ఆరాధన కొంచెం ఆలస్యమైనా సంఘము వేచి ఉంటుంది.

కొన్న తరువాత

థర్మోకోల్ ఒక్కసారే నలుగుతుంది, మళ్ళీ లేవదు. కాబట్టి ప్రమాదంలో దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దానిని తీసివేసి కొత్తది కొనండి. అదే కారణం చేత ఇతరులు వాడినది కొనవద్దు. దాని చరిత్ర మీకు తెలియదు. దెబ్బ తగలకపోయినా సుమారు ఐదేళ్ళకు మార్చడం మంచిది.

పెట్రోలు, కిరోసిను, థిన్నరు పెట్టి తుడవకండి. అవి చిప్పనూ థర్మోకోల్‌నూ తినేస్తాయి. సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. మీరే రంగు వేయించవద్దు. మెత్త ఊడివస్తే నెలకొకసారి ఉతికి నీడలో ఆరవేయండి. చెమట వాసన వచ్చే హెల్మెట్‌ను కూడా మనిషి పెట్టుకోడు, ఇది మరువవద్దు. ఎండలో బండి మీద వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చి తలుపు దగ్గర మేకుకు పట్టీతో తగిలించండి. తాళంచెవి కూడా ఆ మేకుకే వేలాడితే, ఒకటి తీసినవారు రెండవది మరువరు.

సంఘముగా మనం చేయగలిగినది

మా సంఘములో ఇప్పుడు గుడి వసారాలో హెల్మెట్లు పెట్టుకోవడానికి ఒక చెక్క బల్ల వేయించాము. పోతాయనే భయంతో ఇంట్లో వదిలి వచ్చేవారు ఇప్పుడు పెట్టుకొని వస్తున్నారు. ఆశీర్వాదము అయిన తరువాత నేను గుమ్మంలో నిలబడి కరచాలనము చేస్తూ, పట్టీ వదులుగా ఉన్నవారికి చేత్తో చూపిస్తాను. మొదట నవ్వారు. ఇప్పుడు పిల్లలే తండ్రులకు చూపిస్తున్నారు. పెళ్ళికి ఎవరైనా హెల్మెట్ ఇవ్వదలిస్తే, వస్తువు కొని తేవద్దు, వధూవరులను కొట్టుకు తీసుకువెళ్ళమని చెబుతున్నాను. ఇద్దరినీ, రెండు హెల్మెట్లకు.

మొన్నటి క్రిస్మస్ ముందు, ఆ బిడ్డ భార్య నా దగ్గరకు వచ్చింది. “అయ్యగారూ, మా తమ్ముడు బండి కొన్నాడండీ. హెల్మెట్ కొనాలి. మీరు కూడా కొట్టుకు వస్తారా?” అని అడిగింది. నాకు కాసేపు మాట రాలేదు. వెళ్ళాము. ఆ అబ్బాయి నాలుగు హెల్మెట్లు పెట్టి చూశాడు. మూడు నుదుటి దగ్గర నొక్కాయి. నాలుగవది పెట్టుకొని పదిహేను నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాడు. కొట్టాయన గడియారం వంక చూస్తూనే ఉన్నాడు. ఆమె తన చేతితో తమ్ముని గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పట్టీ బిగువు చూసింది. తీసిన తరువాత నుదుటి మీద మచ్చ ఉన్నదేమోనని వెలుతురులోకి తిప్పి చూసింది. మచ్చ లేదు. “ఇది ఇవ్వండి” అన్నది. ఖరీదు 1,150 రూపాయలు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో బండి ఉంటే ఈ వారమే మీ మిద్దెకు పిట్టగోడ ఉన్నదో లేదో చూసుకోండి. ఉన్నట్లయితే అది మీ తలకు సరిపోతున్నదా? నొప్పి పెడుతున్నదా? నొప్పి పెడుతుంటే సిగ్గుపడక చెప్పండి, మార్చుకోండి. మీకు దానిని ఇచ్చినవారు మీ పాస్టరైనా సరే చెప్పండి. ఆయన నొచ్చుకోడు.

మన రాకపోకలయందు ప్రభువు మనలను, మన ఇంటివారిని కాపాడును గాక. ఆమేన్.